ఎర్ర దారం చుట్టిన డబ్బా

చుట్టాల్లో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెద్దవాళ్ళకీ, పిల్లలకీ, ఆఖరికి ఎదురింటివాళ్ళకీ కూడా ఆయన మిషన్ మావయ్యే. కుట్టు మిషన్లు అమ్మే షోరూములో ఉద్యోగం. కొత్త మిషను కొన్నవాళ్ళింటికి వెళ్ళి, దారం ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ నేర్పించి రావాలి. పాతవి మొరాయిస్తే విప్పి, దుమ్ము దులిపి, కాస్త నూనె వేసి మాట వినేలా చెయ్యాలి. ఎక్కడికెళ్ళినా ఆయన చెప్పే ముక్క ఒకటే: "బుర్రని నమ్ముకోకండమ్మా. బుర్రకి సవాలక్ష పనులుంటాయి. గుర్తు కట్టుకోండి, గుర్తుని నమ్ముకోండి." ఆ గుర్తే ఓసారి ఆయన్ని నట్టేట ముంచింది.

సినిమా కెమెరా ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. షోరూము యజమాని ఏదో ప్రయాణంలో మోజుపడి కొన్నాడు. చేతిలో ఇమిడేంత కెమెరా, పక్కన గోడగడియారానికి ఉన్నట్టు తిప్పే చెవి. ఓ సెలవురోజు భోజనాల దగ్గర భార్యని తీశాడు. తను నమిలే తీరు తెర మీద చూసుకుని ఆవిడ మర్నాడు పూటంతా ఏమీ తినలేదట. ఆ సాయంత్రమే యజమాని కెమెరానీ, ప్రొజెక్టర్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఈయన బల్ల మీద దించాడు.

"ఇది నువ్వే ఉంచుకో. ఇదుంటే ఆ ఇంట్లో నేనుండలేను."

"నాకెందుకండీ? నాకు సినిమాలు తియ్యడం రాదు."

"ఇదీ మిషనే కదయ్యా. విప్పి చూడు."

విప్పి చూశాడు. కుట్టు మిషన్లో పళ్ళు బట్టని కుట్టు కుట్టుకీ కొంచెం ముందుకి జరుపుతాయి. ఇందులో చిన్న కొక్కెం ఒకటి ఫిల్ముని బొమ్మ బొమ్మకీ కొంచెం కిందికి జరుపుతోంది. జరిగి, ఆగి, మళ్ళీ జరిగి. శబ్దం కూడా అదే. "ఇది మన చుట్టమే" అనుకున్నాడు. ఆ రోజుతో పట్టుకున్న పిచ్చి మళ్ళీ వదల్లేదు.

సినిమా అంటే హాల్లో చూసేదే అని జనం అనుకునే కాలం ఒకటుండేది. హాళ్ళ ఫిల్ము వెడల్పుగా ఉండేది, పైగా నిప్పు తగిలితే భగ్గుమనే రకం. అలాంటిదాన్ని ఇంట్లో పొయ్యికి దగ్గర్లో ఎవరు పెట్టుకుంటారు? అందుకని ఇళ్ళ కోసం సన్నటిది, అంత తొందరగా అంటుకోనిది తయారుచేశారు. అదీ అందరికీ అందకపోయేసరికి ఇంకో పొదుపు ఉపాయం కనిపెట్టారు. ఫిల్ము చుట్టని కెమెరాలో ఒకసారి నడిపితే వెడల్పులో సగమే వాడకమవుతుంది. దాన్ని తీసి, తిరగేసి మళ్ళీ పెట్టి నడిపితే రెండో సగం. ల్యాబ్‌వాళ్ళు కడిగి, నిలువునా మధ్యకి చీల్చి, రెండు ముక్కల్నీ ఒకదాని చివర ఒకటి అతికించి పంపిస్తారు. ఒకరి కొలతకి తెచ్చిన గుడ్డలో ఇద్దరికి కుట్టడం అన్నమాట. ఈ తెలివి మిషన్ మావయ్యకి తెగ నచ్చింది. కుట్టుపని తెలిసినవాడెవడో కనిపెట్టి ఉంటాడని ఆయన నమ్మకం.

మొదట్లో ఆయన సినిమాల్లో ఎవరికీ తలలుండేవి కావు. కన్ను పెట్టి చూసే కిటికీ పైన ఉంటుంది, బొమ్మ పట్టే అద్దం కింద ఉంటుంది. దూరం నుంచి తీస్తే ఫరవాలేదు గానీ దగ్గరికెళ్తే కిటికీలో తల కనిపిస్తుంది, ఫిల్ము మీద మెడ దాకానే పడుతుంది. ఈయనకేమో అందర్నీ దగ్గర్నుంచి తియ్యాలని ఆశ. గోడకి దుప్పటి కట్టి, చుట్టాలందర్నీ పోగేసి మొదటి సినిమా వేసిననాడు తెర మీద చొక్కాలు నవ్వుతూ, గౌన్లు చేతులూపుతూ వెళ్ళిపోయాయి.

"ఆ బొజ్జ మీదేనా బాబాయ్?"

"నాది కాదురా, మీ నాన్నది. నాది ఇంకా వస్తుంది చూడు."

ఆ తర్వాత తల పైన జానెడు ఖాళీ వదలడం నేర్చుకున్నాడు. అయినా ఉత్సాహం ఎక్కువైనప్పుడల్లా ఆ జానెడు మర్చిపోయేవాడు.

ఇంకో చిక్కు ఉంది. ఫిల్ము ఒకవైపు నడిచాక రెండో చుట్టలోకి వెళ్తుంది, రెండోవైపు నడిచాక మళ్ళీ మొదటి చుట్టలోకే వచ్చి కూర్చుంటుంది. అంటే రెండువైపులా తీసేసిన చుట్టా, అసలు ముట్టుకోని చుట్టా చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. దానికి మావయ్య తన పద్ధతి తను పెట్టుకున్నాడు. ఒకవైపు తీస్తే డబ్బాకి తెల్ల దారం. రెండువైపులా అయిపోతే తెల్లది విప్పేసి ఎర్ర దారం. దారం లేని డబ్బా కొత్తది. ఎర్ర దారం చుట్టిన డబ్బా పోస్టులో ల్యాబుకి వెళ్ళాలి. ఈ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు, ఒక్క చెల్లెలి పెళ్ళప్పుడు తప్ప.

పెళ్ళికి కొన్నాళ్ళ ముందు ఆయన చుట్టాల పిల్లల్ని జూకి తీసుకెళ్ళాడు. చెప్పుకోదగ్గ విషయమేమంటే జంతువులన్నిటికీ తలలొచ్చాయి, దగ్గరికి వెళ్ళనివ్వరు కాబట్టి. రెండువైపులా నిండింది, ఎర్ర దారం కట్టాడు. పెళ్ళి హాలుకి వెళ్ళేటప్పుడు దారిలో పోస్టు చెయ్యచ్చని ఆ డబ్బానీ, పెళ్ళికని కొన్న కొత్త డబ్బానీ ఒకే సంచిలో వేశాడు. తీరా బయల్దేరేసరికి ఆలస్యమైంది, పోస్టాఫీసు మాటే గుర్తు రాలేదు. హాలు మెట్ల దగ్గర సంచి తెరిచాడు. పైన దారం లేని డబ్బా కనిపించింది. ఎక్కించాడు, తిప్పాడు, రెండువైపులా కడుపారా తీశాడు. ఆ రోజు జానెడు ఖాళీ కూడా మర్చిపోలేదు.

ఇంటికొచ్చి చూస్తే సంచి అడుగున ఇంకో డబ్బా. దానికీ దారం లేదు. జూ డబ్బాకి దారం కట్టడం మర్చిపోయానా? కట్టినట్టే ఉందే. 'బుర్రని నమ్ముకోకండమ్మా' అన్న మాట ఎవరో తన చెవిలోనే అన్నట్టయింది.

ల్యాబు నుంచి రీలు వచ్చినరోజు భార్య మార్కెట్‌కి వెళ్ళేదాకా ఆగి, తలుపేసుకుని ఒక్కడే వేసుకు చూశాడు. అనుకున్నంతా అయింది. పెళ్ళి మీద జూ, జూ మీద పెళ్ళి. ఎండ పడ్డచోట పెళ్ళివాళ్ళు బాగానే ఉన్నారు. నీడ ఉన్నచోటల్లా జంతువులు దూరాయి. జిరాఫీ ఒకటి అతిథుల మధ్య నుంచి ఎవర్నీ పలకరించకుండా నడిచి వెళ్ళింది. అదైనా ఫరవాలేదు. పెళ్ళికొడుకు తల్లికి ఎండ పడదు. ముదురు రంగు పట్టుబట్టలు కట్టుకుని, హాలు గుమ్మం నీడలో నిలబడింది. సరిగ్గా అక్కడే నీటిగుర్రం నోరు తెరిచింది. ఎర్రగా, తాపీగా, అడుగు దాకా తెరిచింది. ఆ నోటి మధ్య నుంచి చెల్లెలి అత్తగారు వచ్చేవాళ్ళకి నమస్కారాలు పెడుతోంది.

మావయ్య ప్రొజెక్టరు కట్టేశాడు. చెల్లెలు ఆ ఇంట కాపురం చెయ్యాలి. ఈ సినిమా ఆ పెద్దావిడ కంట పడితే ఇంకేమైనా ఉందా? రీలుని పాత మిషను పెట్టె అడుగున పెట్టేశాడు. భార్యకి కూడా చెప్పలేదు. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు: "ల్యాబు నుంచి ఇంకా రాలేదు."

ఏళ్ళు గడిచాయి. ఆయన జవాబులూ పెరిగాయి. ల్యాబు నుంచి రాలేదు. రాశాను, జవాబు లేదు. మళ్ళీ రాశాను, వెతుకుతున్నారు. ఈలోగా తిరగెయ్యక్కర్లేని ఫిల్ము వచ్చింది, నేరుగా పెట్టెతో సహా కెమెరాలో పడేసేది. దాని వెనకాలే టేపు కెమెరాలు వచ్చాయి. అప్పటికప్పుడు చూసుకోవచ్చు, నచ్చకపోతే చెరిపేసుకోవచ్చు. యజమాని భార్య లాంటివాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సన్న ఫిల్ము కొనేవాళ్ళు తగ్గారు, కడిగేవాళ్ళూ తగ్గారు. ఓ ఉదయం చెల్లెలు పేపరు ముక్క ఒకటి చేత్తో పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, మీ ల్యాబు మూసేశారట."

మావయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ ఆదుకున్న ల్యాబు చెప్పాపెట్టకుండా పోయింది.

"అయ్యో పాపం" అన్నాడు.

"వాళ్ళ సంగతి కాదు, నా సంగతి చెప్పు. మా అత్తగారు ఏమంటోందో తెలుసా? పెళ్ళిలో మీ అన్నయ్య ఖాళీ డబ్బా తిప్పి వెళ్ళాడే, గొప్పకి, అంటోంది. ఏ పెళ్ళికెళ్ళినా ఇదే పాట. ఎవరైనా కెమెరా తీస్తే చాలు, లోపల ఫిల్ముందో లేదో కనుక్కోవే, మీకు అలవాటుగా, అని నా వైపు చూస్తుంది."

"అలా అంటుందా?"

"అంటుంది. నేనేమో మా అన్నయ్య అబద్ధమాడడు అని నోరు నొప్పెట్టేలా వాదిస్తున్నాను. ఆదివారం అందరం వస్తున్నాం. ఫిల్మైనా చూపించు, లేదూ డబ్బా ఖాళీదని నీ నోటితోనైనా చెప్పు. ఏదో ఒకటి తేల్చు. ఇంక నా వల్ల కాదు."

చూపిస్తే అత్తగారికి అవమానం. చూపించకపోతే చెల్లెలికి అవమానం. ఎటు చూసినా చివరికి దెబ్బ చెల్లెలి మీదే.

శనివారం సాయంత్రం రీలు బయటికి తీసి, కత్తెర, జిగురు పెట్టుకుని కూర్చున్నాడు. నీటిగుర్రం ఉన్న ముక్క కత్తిరించేసి అటూ ఇటూ అతికిస్తే సరి అనుకున్నాడు. ఫిల్ముని బల్బు ముందు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. పెద్దావిడ ఆ ఒక్క ముక్కలోనే ఉంది. అది తీసేస్తే కొడుకు పెళ్ళిలో ఆవిడ లేనే లేదు. నీటిగుర్రంతో ఉండటం నయమా, అసలు లేకపోవడం నయమా? కత్తెర పెట్టెలో పెట్టేశాడు.

భార్య గుమ్మంలోంచి, "అదేం రీలండీ?" అంది.

"పెళ్ళిది. దొరికింది."

"ఎక్కడ?"

"మిషను పెట్టెలో."

"ల్యాబువాళ్ళు అక్కడ పెట్టారా?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడతో ఇదే ఇబ్బంది.

ఆదివారం వాళ్ళు ముగ్గురూ వచ్చారు. చెల్లెలు, చెల్లెలి మొగుడు, పెద్దావిడ. పెద్దావిడ కుర్చీలో చేతులు రెండూ ఒంటికి ఎడంగా పెట్టుకుని కూర్చుంది. పాత దర్జీతో చెడిన దగ్గర్నుంచి ఏ దర్జీ కుట్టిన జాకెట్టూ ఆవిడకి కుదరడం లేదని చెల్లెలు అప్పుడప్పుడూ చెబుతూనే ఉంటుంది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. గోడకి తెల్ల దుప్పటి. చెల్లెలి మొగుడు బిస్కెట్ల పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వేసే ముందు ఒక్క మాట అత్తయ్యగారూ" అన్నాడు మావయ్య. "ఫిల్ము కొంచెం..."

"ఖాళీయా?"

"కాదండీ."

"అయితే వెయ్యి బాబూ. మాటలెందుకు?"

ప్రొజెక్టరు కుట్టు మిషనులా చప్పుడు మొదలుపెట్టింది. తెర మీద హాలు మెట్లు, ఎండ. తెల్లకోటులో పెళ్ళికొడుకు. అతని ఎదురుగా మావయ్య భార్య వంగి ఏదో చేస్తోంది. తర్వాత వరసగా జనం. నీడలో కోతులు.

"ఆ చెట్టు మీద ఎవరు?" అన్నాడు చెల్లెలి మొగుడు.

"మీ బాబాయి" అంది చెల్లెలు ఆలోచించకుండా. మరుక్షణం అన్నయ్య వైపు తిరిగింది. చీకట్లో ఆయన మొహం కనిపించలేదు.

జిరాఫీ వచ్చింది, వెళ్ళింది. చెల్లెలి మొగుడు బిస్కెట్టు నమలడం ఆపాడు. మావయ్య గొంతు సవరించుకుని, "అదిగో చూడండి, ఎడంపక్క పూలు ఎంత బాగున్నాయో, అటు చూడండి" అన్నాడు. ఎవరూ పూలు చూడలేదు. గుమ్మం, నీడ, పెద్దావిడ. నీటిగుర్రం తాపీగా నోరు తెరిచింది.

"ఆపు" అంది పెద్దావిడ.

"ఆపితే కాలిపోతుందండీ. బల్బు వేడికి బొమ్మ కరిగిపోతుంది."

"అయితే వెనక్కి తిప్పు."

తిప్పాడు. నీటిగుర్రం నోరు మూసుకుంది. ఇంకోసారి ముందుకి వెయ్యమంటుందేమోనని చూశాడు, ఆవిడ అనలేదు. మావయ్యకి ఏ మీట నొక్కాలో తోచలేదు. రీలు వెనక్కి పోతూనే ఉంది. జిరాఫీ వెనక్కి నడిచింది, అతిథులు వెనక్కి నడుస్తూ మెట్లు దిగారు. మళ్ళీ ఎండలో తెల్లకోటు. మావయ్య భార్య కోటు దగ్గర్నుంచి మొహం ఎత్తింది. ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా సూది కోటులోంచి వెనక్కి వస్తోంది. చివరికి బొత్తాం ఊడి ఆవిడ అరచేతిలో పడింది. దాన్ని పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి తెర మీంచి వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు బొత్తాం లేని కోటుతో నిలబడ్డాడు. అక్కడితో తెర తెల్లబడింది.

పెద్దావిడ మెల్లగా మావయ్య భార్య వైపు తిరిగింది.

"ఏమ్మాయ్, మా వాడి బొత్తాం పీకేశావేంటి?"

"పీకడం ఏంటి పిన్నిగారూ? కుడుతున్నాను. ఈయన వెనక్కి తిప్పితే అలా కనిపించింది."

"అవునమ్మా" అన్నాడు కొడుకు. "కారు దిగుతుంటే తెగింది. అక్కయ్యగారే కుట్టారు. నీకు చెప్పలేదూ?"

"నువ్వెప్పుడు చెప్పావురా?" అని, మళ్ళీ కోడలి వదిన వైపు చూసింది. "ఏ దారంతో కుట్టావ్?"

"దారమా?" మావయ్య భార్య గుర్తు చేసుకుంది. "సూదైతే నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దారం లేదు. ఈయన సంచిలో చెయ్యి పెడితే ఏదో డబ్బాకి ఎర్ర దారం చుట్టి ఉంది. పెళ్ళికొడుకుని బొత్తాం లేకుండా నిలబెడతామా అని అదే లాగి కుట్టేశాను. కోటు బొత్తాం కింద దారం ఎవరు చూస్తారులే అనుకున్నాను."

"నేను చూశాను" అంది పెద్దావిడ.

"ఎర్ర దారం" అన్నాడు మావయ్య. "డబ్బా మీది ఎర్ర దారం."

"అవునండీ. డబ్బాని మళ్ళీ సంచిలోనే పైన పెట్టానే? ఏం, అది అవసరమైనదా?"

మావయ్యకి ఇన్నేళ్ళూ తన బుర్రని తను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండు డబ్బాల సంగతి, జూ సంగతి, రీలు ఎప్పుడో వచ్చిన సంగతి, తను దాచిన సంగతి. ల్యాబుకి రాశానన్న ఉత్తరాలు కూడా రాయలేదని చెప్పేశాడు. చెప్పేటప్పుడు చెల్లెలి వైపు చూడలేకపోయాడు.

చెల్లెలు అంది: "నేను మా అన్నయ్య అబద్ధమాడడు అన్నాను."

"డబ్బా ఖాళీ కాదన్నది నిజమేగా" అన్నాడు ఆయన బిక్కమొహం వేసుకుని.

"ఖాళీ ఎక్కడుంది" అంది పెద్దావిడ. "కిక్కిరిసిపోయి ఉంటే."

ముందు నవ్వింది ఆవిడ కొడుకే. బిస్కెట్టు పొలమారింది. చెల్లెలు వీపు మీద చరుస్తూ తనూ నవ్వాపుకోలేకపోయింది. పెద్దావిడ నవ్వలేదు. చేతులు ఎడంగా పెట్టుకునే ఏదో ఆలోచిస్తోంది. నీటిగుర్రం గురించేనని మావయ్య ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఆ కోటు కుట్టిన పాత దర్జీని దుకాణంలో అందరి ముందూ నానా మాటలూ అన్నాను" అంది చివరికి. "తెల్లకోటుకి ఎర్ర దారమేమిటయ్యా, నీకు కళ్ళు పోయాయా అని. ఆ కుట్టు నాది కాదమ్మా, నేను ముడి అలా వెయ్యనమ్మా అని మొత్తుకున్నాడు. అబద్ధాలకోరువి అన్నాను. అప్పట్నుంచి గుమ్మం తొక్కలేదు. ఇదిగో, ఈ చంకలు చూడండి." చెయ్యి ఎత్తబోయింది, జాకెట్టు ఎత్తనివ్వలేదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు పిన్నిగారూ?" అంది మావయ్య భార్య. "నేనొచ్చి చెప్పనా?"

"నువ్వు చెబితే నమ్మడు, నేను నేర్పించి తెచ్చాననుకుంటాడు. వాడు కళ్ళతో చూడాలి." మావయ్య వైపు తిరిగింది. "బాబూ, ఆ పెట్టె మోసుకురాగలవా?"

"ఎందుకు రాలేనండీ. కాకపోతే..." ఆయన తడబడ్డాడు. "మొదటి ముక్క చూపించి ఆపేస్తాను. తర్వాతవి వాళ్ళకెందుకు?"

"ఆపితే కాలిపోతుందన్నావుగా?"

"బల్బు కట్టేస్తే కాలదండీ."

ఆవిడకి ఆ సంగతి ఇందాక ఎందుకు చెప్పలేదన్న అనుమానం వచ్చినట్టుంది గానీ అడగలేదు. కంగారులో ఆయనకే తట్టలేదు మరి.

మర్నాడు దుకాణం కట్టేసే వేళకి అందరూ దర్జీ దగ్గరికి చేరారు. దర్జీ బాగా ముసలివాడయ్యాడు. పెద్దావిడని చూసి మిషను తొక్కడం ఆపాడు గానీ లేవలేదు. మావయ్య అలవాటు కొద్దీ ముందు ఆ మిషను వైపు చూసి, బెల్టు వదులైందని గమనించి, నోరు మూసుకున్నాడు. లైనింగు గుడ్డ ఒకటి అడిగి పుచ్చుకుని అలమర తలుపులకి కట్టారు. ప్రొజెక్టరు తిరిగింది. ఎండలో తెల్లకోటు, సూది, బొత్తాం. ఈసారి ముందుకే. దర్జీ కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగాడు.

"చూశారా అమ్మా" అన్నాడు. "ఆ అమ్మాయి ముడి పైన వేస్తోంది. నేను కింద వేస్తాను."

"చూశానయ్యా. పొరపాటు నాది."

పెద్దావిడ నోట ఆ మాట అంతవరకూ ఎవరూ విని ఉండలేదు. చెల్లెలు మొగుడి చెయ్యి గిల్లింది. మావయ్య బల్బు మీట వైపు చెయ్యి చాపాడు.

"ఉండనీ" అంది పెద్దావిడ.

కోతులు వచ్చాయి. జిరాఫీ వచ్చి వెళ్ళింది. గుమ్మం నీడ వచ్చేసరికి ఆవిడే కుర్చీలోంచి లేచి, తెర పక్కన నిలబడి, వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో, ఈ పైన నోరు తెరిచింది జంతువు. లోపల ఉన్నది నేను. తల కనిపిస్తోందా?"

"కనిపిస్తోందమ్మా" అన్నాడు దర్జీ జాగ్రత్తగా.

"మా కోడలి అన్నయ్య అందరి తలలూ నరికేసే రకం. మిగతావి ఇంటికి పిలిచి చూపిస్తాడులే, చూద్దువుగాని. నన్నొక్కదాన్నే పూర్తిగా తీశాడు." కాసేపు తనని తనే చూసుకుంది. "అప్పుడు తొడుక్కున్న జాకెట్టు నువ్వు కుట్టిందే. చెయ్యి ఎంత హాయిగా లేచిందో చూడు."

తెర మీద ఆవిడ ఎవరికో చెయ్యెత్తి రమ్మని పిలుస్తోంది. దర్జీ రీలు అయిపోయాక లేచి, మెడలో టేపు తీసి, "ఇలా వెలుతురులోకి రండమ్మా" అన్నాడు.

మావయ్య రీలుని డబ్బాలో పెట్టి మూత వేశాడు. జేబులు వెతుక్కున్నాడు. ఆయన భార్య దర్జీ బల్ల మీది దారపుండల్లోంచి ఎర్రది ఒకటి తీసి, అడిగి, బారెడు తెంపి ఆయన చేతిలో పెట్టింది.

"ముడి కింద వెయ్యండి" అంది.